ముప్పై అయిదా, యాభయ్యా

జూలై 1

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు. గిరిబాబుగారు స్టూడియోకి ఈ నెల రానక్కర్లేదన్నారు. శ్రావణం రాగానే మళ్ళీ రోజుకో ఊరు, రోజుకో పెళ్ళి, ఎడిటింగు. తిండికి కూడా టైముండదు.

కాబట్టి ఇదే సమయం. నా కెమెరాకి మంచి ప్రైమ్ లెన్స్ ఒకటి ఎంచుకోవాలి. రెండు కొనే పరిస్థితి లేదు. ముప్పై అయిదు మిల్లీమీటర్లది కొనాలా, యాభైది కొనాలా, అదొక్కటే తేల్చుకోవాలి. ఒక నెల అంటే చాలా ఎక్కువ.

నాన్న గొంతు బొంగురు ఇంకా తగ్గలేదు. విజయవాడలో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు రావాలి.

జూలై 3

రిపోర్టు వచ్చింది. ముగ్గురం వెళ్ళొచ్చాం.

స్వరపేటిక మొత్తం తీసెయ్యాలట. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆపరేషన్ తర్వాత గాలి ముక్కులోంచి కాదు, మెడ దగ్గర పెట్టే రంధ్రంలోంచి పోతుంది. మాట రాదు. గొంతుకి ఆనించుకుని మాట్లాడే మిషన్లున్నాయి, నిదానంగా నేర్చుకోవచ్చు, ప్రాణానికి మాత్రం ఇదే మంచిది అన్నారు. నెలాఖరులో చేస్తారట.

నాన్న అంతా విన్నాడు. "అన్నం మామూలుగా తినొచ్చా అండీ?" అని అడిగాడు.

"కొన్నాళ్ళు ట్యూబు. తర్వాత తినొచ్చు."

"అయితే సరేనండి."

నేను తిరుగు బస్సులో ముప్పై అయిదు గురించి రెండు వీడియోలు చూశాను. రెండో అతను బాగా చెప్పాడు.

జూలై 4

ఇప్పటిదాకా తెలిసింది:

ప్రైమ్ లెన్స్‌కి జూమ్ ఉండదు. మనిషి దగ్గరగా కనపడాలంటే మనమే నడిచి వెళ్ళాలి. అందుకే నేర్చుకునేవాళ్ళకి మంచిదంటారు. నా కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి, దానికి ముప్పై అయిదు పెడితే దాదాపు మన కన్ను చూసినట్టే ఉంటుంది. యాభై పెడితే ఇంకా దగ్గరికి లాగుతుంది. మొహాలకి యాభై. మొహంతో పాటు గది కూడా కావాలంటే ముప్పై అయిదు. రెండిట్లోనూ వెనకంతా మెత్తగా మసకబారుతుంది, మనిషి ఒక్కడే తేలి కనపడతాడు.

యాభైలో ఒక లోపం ఉందట. ఫోకస్ మారినప్పుడల్లా బొమ్మ కొంచెం ఉబ్బి తగ్గుతుంది. దాన్ని లెన్స్ ఊపిరి పీల్చడం అంటారు. దాని మీద జనం కామెంట్లలో తిట్టుకుంటున్నారు. అన్నీ చదివాను.

జూలై 6, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చి నాన్న కోసం ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థన పెద్దది. నేను మధ్యలో కళ్ళు తెరిచాను. హాలు గుమ్మం దగ్గర నుంచి చూస్తే ముప్పై అయిదులో అందరూ పడతారు. యాభైలో నాన్న, అమ్మ పడతారు, పాస్టరుగారు సగం తెగిపోతారు. యాభైకి అది ఒక ప్లస్ పాయింటు.

ప్రార్థన అవగానే నాన్న "ఆమెన్" అన్నాడు. ఆమెన్ కూడా బొంగురుగానే ఉంది.

పాస్టరుగారు వెళ్తూ వెళ్తూ నాన్న చెయ్యి పట్టుకున్నారు. "యేసురాజుగారూ, నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మిమ్మల్ని చూడకముందే మీ గొంతు తెలుసండి నాకు."

అందరూ ఇదే మాట అంటారు. బస్టాండులో ముప్పై ఏళ్ళు మైకులో బస్సుల పేర్లు చెప్పిన మనిషి. ఏ కొట్టుకెళ్ళి ఉల్లిపాయలడిగినా పక్కనున్నవాళ్ళు తల తిప్పి చూసేవాళ్ళు. ఇంట్లో మాత్రం తక్కువ మాట్లాడతాడు. ఆయన రిటైరయ్యాక బస్టాండులో రికార్డు చేసిన అమ్మాయి గొంతు పెట్టారు. ఆ అమ్మాయి మా తిరువూరుని తిరూర్ అంటుంది. నాన్నకి అదొక్కటే బాధ.

జూలై 8

అమ్మ వంటింట్లోంచి అంది: "ఏమేవ్, ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళూ తీస్తావు కదా. నాన్న చేత నాలుగు మాటలు చెప్పించి తీసి పెట్టవే. ఆయనకీ చెప్పాను, సరే అన్నాడు."

"లెన్స్ రానీ అమ్మా."

"ఇప్పుడున్నదేంటి మరి?"

"అది పెళ్ళిళ్ళకి సరిపోతుంది. నాన్నకి సరిపోదు."

చెప్పినా ఆవిడకి అర్థం కాదు. ఇప్పుడున్న జూమ్ లెన్స్‌కి ఎక్కువ వెలుతురు కావాలి. మా హాల్లో వెలుతురే లేదు.

జూలై 9

గిరిబాబుగారు తన యాభై ఇచ్చారు, వాడి చూడమని. శ్రావణం దాకా ఉంచుకోమన్నారు. "కొనే ముందు చేత్తో పట్టుకోవాలమ్మా రూతూ. వీడియోలు చూసి కొన్నవాడు వీడియోలు చూస్తూనే ఉంటాడు" అన్నారు. ఆయనకి ఇలాంటివి మధ్యమధ్యలో వస్తుంటాయి.

నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని హాల్లో కూర్చున్నాడు. ఎవరో వస్తారనుకుంటా.

జూలై 10

యాభైతో తీసినవి: పెరట్లో జామచెట్టు. పక్కింటి వాళ్ళ కోడి. గోడ గడియారం. అమ్మ చేతులు చిక్కుడుకాయలు తుంచుతూ. ఎదురింటి గేటు.

చిక్కుడుకాయలు అద్భుతంగా వచ్చాయి.

నాన్న ఇవాళ కూడా గడ్డం గీయించుకుని వచ్చాడు. రిటైరయ్యాక వారానికి రెండుసార్లే గీయించుకునేవాడు. ఆసుపత్రి భయమేమో.

జూలై 12

ముప్పై అయిదు కూడా తెచ్చుకున్నాను. గిరిబాబుగారిదే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేగానీ తేలదు.

ముప్పై అయిదుతో: జామచెట్టు. కోడి (కదిలింది). గడియారం. అమ్మ, ఈసారి గోంగూర. గేటు.

జామచెట్టు ముప్పై అయిదులో బాగుంది. గోంగూర యాభైలో తీసి ఉంటే బాగుండేది.

జూలై 13

యాభై.

జూలై 14

ముప్పై అయిదు.

జూలై 15

నాన్న టీ తాగుతూ నా వీడియో ఒకటి పక్కనుంచి చూశాడు. తెల్లవాడొకడు వంతెన మీద నిలబడి యాభై గురించి చెప్తున్నాడు.

"ఈయనేం చెప్తున్నాడు?"

"దేనికి ఏ లెన్స్ వాడాలో చెప్తున్నాడు నాన్నా."

"తేల్చాడా?"

"మన అవసరాన్ని బట్టి అంటున్నాడు."

నాన్న తల ఊపాడు. టీ గ్లాసు కింద పెట్టి, చొక్కా కాలరు సరిచేసుకుని, కాసేపు నా పక్కనే కూర్చున్నాడు. తర్వాత లేచి పెరట్లోకి వెళ్ళాడు.

గొంతు నిన్నటికన్నా తగ్గింది. బొంగురు తగ్గడం కాదు, గొంతే తగ్గింది.

జూలై 17

అమ్మ అడిగేసింది.

నేను కుర్చీ మీద స్టీలు బిందె పెట్టి రెండు లెన్స్‌లతోనూ తీస్తున్నాను. బిందె మీద వెలుతురు ఎలా జారుతుందో చూస్తే లెన్స్ సంగతి తెలుస్తుందని ఒకతను చెప్పాడు. అమ్మ గుమ్మంలో నిలబడింది.

"కోడిని తీశావు. గేటుని తీశావు. బిందెని కూర్చోబెట్టి తీస్తున్నావు. ఆయన్నెప్పుడు తీస్తావే?"

"ఇంకా టెస్టింగే కదమ్మా."

"ఆయన రోజూ పొద్దున్నే గడ్డం గీయించుకుని చొక్కా మార్చుకుని కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని విప్పేస్తున్నాడు. ఎందుకనుకున్నావు?"

ఎవరో వస్తారనుకున్నాను అని చెప్పాను.

అమ్మ బిందె తీసుకుని వెళ్ళిపోయింది.

జూలై 18

ఇవాళ తీయలేదు. మబ్బుగా ఉంది.

జూలై 19

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను. ఎవరిదో ఆపరేషన్ వాయిదా పడిందట, సోమవారం పొద్దున్నే వచ్చి చేరిపొమ్మన్నారు. ఆలస్యం చేసేకొద్దీ మంచిది కాదన్నారు.

ఇవాళ శనివారం.

నాన్న ఫోను నాకిచ్చి అన్నాడు: "రేపు చర్చి నుంచి వచ్చాక తీద్దామా రూతమ్మా? నీకు కుదిరితే."

కుదురుతుందన్నాను.

జూలై 20, ఆదివారం

యాభై పెట్టాను. మొహాలకి యాభై. అందులో ఇంక ఆలోచించేదేం లేదు.

నాన్నని హాల్లో కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ట్రైపాడ్ ఎదురుగా పెడితే ముక్కు, ఒక కన్ను మాత్రమే పడుతున్నాయి. వెనక్కి జరిగాను. మంచం తగిలింది. దాన్ని తీసేసి గోడ దాకా జరిగాను. ఇంకా తల తెగుతోంది. చివరికి గుమ్మం దాటి వరండాలో పెట్టాను. అప్పుడు సరిపోయింది. ద్వారబంధం అంచు కూడా ఒక పక్క మసకగా పడింది, అందంగా.

నాన్న లోపల్నుంచి అడిగాడు. "మైకేదమ్మా?"

"కెమెరాలోనే ఉంటుంది నాన్నా."

"ఓహో" అన్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నీ ఉద్యోగం గురించి చెప్పు నాన్నా. ఏదైనా."

చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. మధ్యలో ఆగి నీళ్ళు తాగి మళ్ళీ చెప్పాడు. ఒకసారి నవ్వాడు కూడా. నేను ఫోకస్ చూసుకుంటున్నాను. ఆయన ముందుకి వంగితే ఫోకస్ కళ్ళ మీద నుంచి చెవికి పోతోంది. చాలా జాగ్రత్తగా ఉండాలి.

బాగా వచ్చింది. ఇంత మంచి షాట్ నేను ఎప్పుడూ తీయలేదు. ప్రతి వెంట్రుకా కనపడుతోంది. కనుబొమల్లో ఒకటి తెల్లగా పొడుగ్గా ఉంది, అది నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

అదే రోజు, సాయంత్రం

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను.

మాట లేదు.

ఉంది. కానీ వీధిలో ఆటోలున్నాయి, పక్కింటి మిక్సీ ఉంది, లోపల ఫ్యాను ఉంది, అన్నిటికన్నా దగ్గరగా లెన్స్ మోటారు చప్పుడుంది, ఫోకస్ మారినప్పుడల్లా కిర్రు కిర్రుమని. వీటన్నిటి వెనకాల, ఎక్కడో గదిలో, ఒకాయన ఏదో చెప్తున్నాడు.

వాల్యూము పెంచాను. ఆటోలు పెరిగాయి.

అమ్మనడిగాను, నాన్న ఏం చెప్పాడని.

"నేను వంటింట్లో ఉన్నాను. నువ్వు ఎదురుగా ఉన్నావు కదే."

ఎదురుగా ఉన్నాను.

మళ్ళీ తీద్దామంటే చర్చి సంఘంలో వాళ్ళంతా వచ్చారు. హాలు నిండిపోయింది. అందరితో మాట్లాడి మాట్లాడి నాన్న గొంతు పూర్తిగా పోయింది. వాళ్ళు వెళ్ళాక సైగ చేసి ఏంటన్నాడు. ఏం లేదన్నాను. బాగా వచ్చిందా అని సైగ చేశాడు.

చాలా బాగా వచ్చింది నాన్నా అన్నాను.

గిరిబాబుగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన లెన్స్ గురించి ఒక్క మాటా అడగలేదు. "పొద్దున్నే ఏ బస్సుకి?" అన్నారు.

జూలై 21 (విజయవాడ, ఆసుపత్రి వరండా)

కారు పెట్టుకుందామంటే నాన్న ఒప్పుకోలేదు. బస్సే.

గిరిబాబుగారు బస్టాండుకి వచ్చారు. జేబులోంచి కాలర్ మైకు తీశారు, పెళ్ళికొడుకులకి పెట్టేది. నేను నాన్న చొక్కాకి పెడుతుంటే, రాత్రంతా మాట్లాడకుండా పడుకున్నందుకు గొంతు కాస్త వచ్చింది కాబోలు, "మళ్ళీ పెళ్ళా నాకు?" అన్నాడు. అమ్మ "ఉన్న పెళ్ళాం చాలడం లేదా" అంది. అప్పటికే రికార్డు అవుతోంది.

నాన్న కిటికీ పక్కన, నేను ఆయన పక్కన, అమ్మ ముందు సీట్లో వెనక్కి తిరిగి. యాభై అసలు పనికిరాదు అంత దగ్గర్లో. ముప్పై అయిదు పెట్టి ఒళ్ళో పట్టుకున్నాను. ఉద్యోగం గురించి మళ్ళీ చెప్పమని అడుగుదామనుకున్నాను. నిన్నటిది రాలేదని చెప్పాల్సొస్తుంది. అడగలేదు.

ఆయన చెప్పినవి: "ఆ అద్దం వెయ్యి, దుమ్ము." "ఇడ్లీ వద్దు, పొద్దున్నేం తినొద్దన్నారు కదా." "పత్తి ఈసారి లేటుగా వేశారు." ఏ.కొండూరు దాకా అంతే. తర్వాత నిద్రపోయాడు. నిద్రపోయిన మనిషి ఊపిరి చప్పుడు, బస్సు చప్పుడు రికార్డయ్యాయి.

ఏ.కొండూరులో ఒక ముసలావిడ ఎక్కి మా వెనక కూర్చుంది. పేరు పుల్లమ్మట, తర్వాత ఆవిడే చెప్పింది. కాసేపటికి నాన్న భుజం తట్టింది.

"ఏమయ్యా, ఇది మైలవరం ఆగుద్దా?"

నాన్న కళ్ళు తెరిచాడు. "ఆగుద్దమ్మా."

"ఆఁ?"

"ఆగుద్ది."

"వినపడట్లా. గట్టిగా చెప్పు."

నాన్న నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా మొదలుపెట్టాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. తిరువూరు నుండి ఏ.కొండూరు, మైలవరం, జి.కొండూరు, ఇబ్రహీంపట్నం మీదుగా విజయవాడ వెళ్ళు బస్సు..."

మధ్యలో గొంతు రెండుచోట్ల చీలింది. ఆగలేదు. బస్సులో అందరూ తిరిగారు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపేశాడు. "మైలవరంలో ఆగును. దయచేసి లగేజీ జాగ్రత్తగా చూసుకొనవలెను" దాకా మొత్తం చెప్పాడు.

"ఇందాకటి నుంచీ ఎక్కడో విన్నానే అనుకుంటున్నా," అన్నాడు కండక్టరు. "మైకు రాజుగారు కదండీ మీరు!"

"ఆగుద్దని ఒక్క ముక్క చెప్పకుండా ఏంటయ్యా ఆ గోల" అంది పుల్లమ్మ.

నాన్న నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

ఆసుపత్రిలో అడ్మిషన్ రాసుకుంటుంటే వరండాలో కూర్చుని చూశాను. మైకు బ్రహ్మాండంగా పట్టింది. ప్రతి అక్షరం ఉంది. కానీ ఆయన ఒక్కసారి ముందుకి వంగేసరికి ఫోకస్ కిటికీ అవతలకి పోయింది. మైలవరం రోడ్డు పక్కన తాటిచెట్లు చాలా స్పష్టంగా వచ్చాయి. ముందు నాన్న ఆకారంలో ఏదో మసకగా ఉంది.

మొహం ఒక ఫైల్లో ఉంది. గొంతు ఇంకో ఫైల్లో ఉంది.

జూలై 22

ఆపరేషన్ అయింది. బాగా జరిగిందన్నారు.

జూలై 26

నాన్న పిలవాలంటే చిటికె వేస్తున్నాడు. ఒక చిటికె అమ్మకి, రెండు నాకు. అమ్మ నిద్రలో కూడా లేస్తోంది.

ఆగస్టు 4

ఇంటికి తెచ్చేశాం. ట్యూబు తీసేశారు. మెత్తగా జావలాంటి అన్నం తిన్నాడు. డాక్టరుగారిని ముందే అడిగి పెట్టుకున్నాడు కదా.

ఊపిరి మెడలోంచి వస్తుంటే రంధ్రం మీద కట్టిన గుడ్డ కొద్దిగా కదులుతుంది. అమ్మ దానికి తెల్లటి మెత్తటి చీరముక్కలు కత్తిరించి పెట్టింది.

ఆగస్టు 7

శ్రావణం పెళ్ళిళ్ళు. విస్సన్నపేటలో నిన్న, ఇవాళ. గిరిబాబుగారు నన్ను ఎడిటింగు దగ్గరే ఉంచారు. లెన్స్‌ల సంగతి ఆయన అడగలేదు. నేనూ ఎత్తలేదు. రెండూ ఇంట్లోనే ఉన్నాయి. బస్సులో తీసినదాని సంగతి మాత్రం చెప్పాను.

"ఆ కుర్చీలో మొహానికి బస్సు గొంతు అతికించి చూశావా?" అన్నారు.

ఆగస్టు 8

అతికించి చూశాను.

కుర్చీలో నాన్న నోరు తెరుస్తాడు, బస్సులో నాన్న గొంతు వస్తుంది. ఆయన నీళ్ళు తాగుతుంటే మైలవరం వస్తుంది. ముక్కలు చేసి, నిదానం చేసి, వేగం పెంచి చూశాను. పెళ్ళి పాటలకి ఎన్నోసార్లు చేసిన పనే. పెదవులు సరిపోవడం లేదు. ఎవరో వేరే మనిషి గొంతు నాన్న మొహం మీద పెట్టినట్టుంది.

అన్నీ డిలీట్ చేశాను. ఆ రెండు ఫైళ్ళు అలాగే ఉంచాను.

ఆగస్టు 9

ముప్పై అయిదుకి కొత్త మోడల్ వచ్చిందట. మోటారు చప్పుడు లేదట. వీడియో సగం చూసి ఆపేశాను.

ఆగస్టు 10, ఆదివారం

నాన్న రెండు చిటికెలు వేశాడు. వెళ్ళాను. వేలితో గాల్లో చదరం గీసి చూపించాడు. తీసినవి చూపించమని.

ఇన్నాళ్ళూ అడగకపోతే బాగుండుననుకున్నాను. ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు స్టూలు మీద పెట్టాను. ముందు కుర్చీది పెట్టాను. ఆయన తన మొహం చూసుకున్నాడు. ఆటోలు, మిక్సీ, కిర్రు కిర్రు. అలాగే చూశాడు. చెవి దగ్గరికి చెయ్యి పెట్టి నా వైపు చూశాడు.

"రాలేదు నాన్నా. అంత దూరం నుంచి రాలేదు. నువ్వు చెప్పేటప్పుడు కూడా నేను వినలేదు. ఫోకస్ చూసుకుంటున్నాను."

అమ్మ చీరముక్కలు మడతపెట్టడం ఆపింది.

నాన్న నా తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత తెర వైపు చూపించాడు. రెండోది పెట్టమని.

బస్సుది పెట్టాను. "మళ్ళీ పెళ్ళా నాకు?" విని నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. శబ్దం రాదు. మెడ మీద గుడ్డ గబగబా కదిలింది. "పత్తి ఈసారి లేటుగా వేశారు." నిద్ర. బస్సు చప్పుడు. తాటిచెట్లు. పుల్లమ్మ.

"వినపడట్లా. గట్టిగా చెప్పు."

నాన్న కుర్చీలో నిటారుగా అయ్యాడు. చేత్తో స్టూలు అంచు పట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌లోంచి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని వచ్చింది, ఇక్కడ ఆయన పెదవులు కదిలాయి. ప్రయాణికులకు. విజ్ఞప్తి. నేను పక్కనున్న కెమెరా అందుకుని ఆన్ చేశాను. స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాను, మోకాలు మోకాలికి తగిలేంత దగ్గరగా. తిరువూరు నుండి. ఏ.కొండూరు. మైలవరం. రికార్డులో గొంతు ఎక్కడ చీలిందో అక్కడ ఆయన మొహం కూడా కొంచెం బిగిసింది. జి.కొండూరు. ఇబ్రహీంపట్నం. ఒక్క అక్షరం వెనకా ముందూ కాలేదు. ఈసారి నేను విన్నాను.

దయచేసి లగేజీ జాగ్రత్తగా చూసుకొనవలెను.

పుల్లమ్మ తిట్టింది. అమ్మ ముక్కు తుడుచుకుని "ఆవిడకి మైలవరమొచ్చాక మనమే లేపాల్సొచ్చింది" అంది.

నాన్న వేలు తిప్పి చూపించాడు. మళ్ళీ అని.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ చెప్పాడు.